పావు మైలు – పదిహేడు సెకన్లు

కళాశాల వార్షిక సంచికకు ఏదైనా వ్రాయమని సంపాదక వర్గంవారు కోరినప్పుడు నేను కొంత సంకోచించాను. కవిత్వం నాకు చేతకాదు. దేశసమస్యలపై సాధికారంగా చర్చించేపాటి పాండిత్యమూ లేదు. నాకు ఒకింత లోతుగా తెలిసినదల్లా 402 మీటర్ల దూరం మాత్రమే. ఆ కొద్దిపాటి దూరం నాకు నేర్పిన పాఠం తోటి విద్యార్థులకు ఉపకరించవచ్చుననే నమ్మకంతో ఈ నాలుగు మాటలు వ్రాయ సాహసిస్తున్నాను.

402 మీటర్లంటే పావు మైలు. మన పెద్దల కొలతలో చెప్పాలంటే 440 గజాలు, అనగా రెండు ఫర్లాంగులు. మలక్‌పేట గుర్రపు పందేలను ఒకప్పుడు ఫర్లాంగులలోనే లెక్కించేవారు. అమెరికాలో ఈ పావు మైలు దూరాన్ని అతివేగంగా పరుగెత్తే గుర్రపు జాతికి క్వార్టర్ హార్స్ అనే పేరే స్థిరపడింది. గుర్రాలకు విధించిన ఆ దూరమే తరువాత మోటారు కార్లకూ సంక్రమించింది. నిలిచి ఉన్న కారు తిన్నని బాటపై ఆ దూరాన్ని ఎన్ని సెకన్లలో దాటగలదు? డ్రాగ్ రేసు అనే క్రీడ సర్వస్వమూ ఈ ఒక్క ప్రశ్నలోనే ఇమిడి ఉన్నది. అందులో మలుపులు లేవు, చుట్లు లేవు. మనిషి నడిస్తే అయిదు నిమిషాల దారి. మా పాత కారు మొదటిసారి దానిని 17.90 సెకన్లలో దాటింది. ఆ అంకెను తగ్గించాలన్న తపనే ఈ వ్యాసానికి కథావస్తువు.

మా ఇల్లు మూసాపేటలో ఉన్నది. ఒకవైపు సనత్‌నగర్, బాలానగర్ పారిశ్రామిక వాడలు, మరొకవైపు కూకట్‌పల్లి, నడుమ ముంబయి జాతీయ రహదారి, దాని నెత్తిన మెట్రో రైలు. ఇనుమును కోసే చప్పుడు, వెల్డింగు మెరుపు మా పేటవాసులకు పుట్టుకతోనే పరిచితాలు. ఒక తరం క్రితం సనత్‌నగర్‌లోని ఆల్విన్ కర్మాగారపు సైరను విని గడియారాలు సరిచేసుకున్న పెద్దలు ఇప్పటికీ మా వీధిలో ఉన్నారు. ఆ కర్మాగారం కాలగర్భంలో కలిసింది. 2022లో కైతలాపూర్ వంతెన తెరుచుకున్న తరువాత హైటెక్ సిటీ అద్దాల మేడలు మాకు మరింత చేరువైనాయి. ఇనుము యుగానికీ అద్దాల యుగానికీ నడుమనున్న సందులో మా ఉస్తాద్ మోటారు షెడ్డు ఉన్నది.

మా నాన్నగారి కారు 2001 నాటి హోండా సిటీ. ఒకటిన్నర లీటరు విటెక్ ఇంజను, 106 అశ్వశక్తి. ఆ రోజులలో మన దేశపు రోడ్లపై ఆ కారుకు వడిగలదని గొప్ప పేరుండేది. ఇరవై ఏళ్లు దాటినా, రిజిస్ట్రేషను పునరుద్ధరించుకొని, మా ఇంట పెద్ద కొడుకువలె గౌరవం పొందుతున్నది. నాకు లైసెన్సు వచ్చిన సంవత్సరమే దాని తాళంచెవి నా చేతికి వచ్చింది. దానితోపాటే అవివేకమూ వచ్చింది.

ఇక్కడ ఒక తప్పును దాచకుండా చెప్పుకోవాలి. హైటెక్ సిటీ ప్రాంతపు విశాలమైన రోడ్లు తెల్లవారుజామున మూడు గంటలకు నిర్మానుష్యంగా కనిపిస్తాయి. కనిపిస్తాయి అనే మాటను తెలిసే వ్రాశాను. ఒక మిత్రుడు ఫోనులోని గడియారం పట్టుకొని పక్కన కూర్చోగా, నేను ఒక సర్వీసు రోడ్డుపై కారును పూర్తి బలంతో తోలాను. ముళ్లు 100 దాటిన తరువాత, దీపాల వెలుగులో ఒక చెత్తబండి కనిపించింది. దానిని తోస్తున్న పారిశుద్ధ్య కార్మికురాలు నడిరోడ్డున నిలిచిపోయింది. బ్రేకు మీద నిలుచున్నంత పని చేశాను. టైర్లు కీచుమన్నాయి. కారు ఆమెకు అయిదారు అడుగుల దూరంలో ఆగింది. ఆమె చేతిలోని చీపురు కింద పడింది. ఆమె నన్ను తిట్టలేదు. అద్దం దగ్గరికి వచ్చి, నా ముఖం చూసి, "ఏం బిడ్డా, ఇంట్ల నీకోసం ఎదురుజూసేటోళ్లు ఎవ్వలు లేరా?" అని మాత్రం అడిగింది.

ఆ ప్రశ్నకు నేటికీ నా దగ్గర జవాబు లేదు. మా ఇంట ఎదురుచూసేవారున్నారు. ఆమె ఇంటనూ ఉండి ఉంటారు. ఆ సంగతి ఆ క్షణం వరకు నాకు తట్టలేదన్నదే నా నేరం.

తరువాత కాగితం మీద లెక్క వేసుకున్నాను. గంటకు 130 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 36 మీటర్లు. ప్రమాదాన్ని గుర్తించి పాదం బ్రేకును తాకేలోపుననే ఒక సెకను గడుస్తుంది. కారు 36 మీటర్లు పోతుంది. మంచి టైర్లు, పొడి రోడ్డు ఉన్నప్పటికీ ఆగడానికి మరో 80 మీటర్లు పైగా కావాలి. వెరసి సుమారు 120 మీటర్లు. రాత్రివేళ చిన్న లైట్లతో పోయే కారుకు అంత దూరం కనపడనే కనపడదు. అనగా పావు మైలు చివర చేరేసరికి, నడిపేవాడు తన కంటికి ఆనని చోటికి దూసుకొనిపోతున్నాడన్నమాట. 2011 సెప్టెంబరులో మన ఔటర్ రింగు రోడ్డుపై ఒక సుప్రసిద్ధ క్రికెట్ క్రీడాకారుని కుమారుడు మోటారు సైకిలు ప్రమాదానికి గురై మరణించిన విషాదాన్ని మా పెద్దలు ఇప్పటికీ తలచుకుంటారు. చట్టం సంగతి సరేసరి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 189వ సెక్షను ప్రకారం, ప్రభుత్వపు లిఖితపూర్వకమైన అనుమతి లేకుండా బహిరంగ స్థలంలో పందెం వేయడం నేరం. 2019 సవరణ తరువాత మొదటి తప్పుకు మూడు నెలల వరకు జైలు గాని, 5,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు.

మరునాడు ఉదయం, సమతలంగా అరిగిపోయిన టైర్లతో ఉస్తాద్ షెడ్డుకు వెళ్లాను. ఆయన టైరుపై చేయి నిమిరి, ఏమి జరిగినదో నేను చెప్పకమునుపే గ్రహించారు. "సడక్ మీద రేస్ చేసేటోని బండి నేను ముట్టను, బేటా," అన్నారు. చాలాసేపు బతిమాలాను. చివరకు ఆయన ఒక షరతు పెట్టారు. ఇకమీదట పావు మైలు పరుగు మూసిన ట్రాకు మీదనే. అట్లయితేనే ఆయన సహాయం చేస్తారు. నేను మాట ఇచ్చాను. ఆ మాటనే నా ఈ చిన్న విద్యకు ఉపనయనమని భావిస్తాను.

మొదట నేను అందరివలెనే వస్తువుల వెంట పడ్డాను. 9,000 రూపాయలు పోసి ఒక గొప్ప శబ్దం చేసే సైలెన్సరు బిగించాను. శబ్దం రెట్టింపైనది, వేగం మాత్రం పిసరంతైనా పెరగలేదు. వీధిలోని పసిబిడ్డల నిద్ర చెడినదన్న అపకీర్తి మాత్రం దక్కింది. పైగా 2019 జనవరిలో సర్వోన్నత న్యాయస్థానం, తయారీదారు నిర్ణయించిన మౌలిక స్వరూపాన్ని మార్చి వాహనాన్ని నడపరాదని స్పష్టం చేసింది. నెల తిరగకుండానే పాత సైలెన్సరు తిరిగి బిగించాను. అంతిమంగా మా కారుకు మిగిలిన మార్పులు బహు స్వల్పం: శుభ్రమైన ఎయిర్ ఫిల్టరు, కొత్త స్పార్క్ ప్లగ్గులు, కొత్త క్లచ్ ప్లేటు, అనుమతించిన కొలతలోనే మంచి పట్టుగల టైర్లు. "గాడీకి జోర్ మస్తుగ ఉంది. నీ పాదానికే అకల్ లేదు," అన్నది ఉస్తాద్ తీర్పు.

ఆయన నా చేత రెండు రూపాయల నోటుపుస్తకం ఒకటి కొనిపించారు. ధర ఇరవై రూపాయలైనా ఆయన నోట అది రెండు రూపాయల పుస్తకమే. ప్రతి పరుగుకూ ఒక వరుస. తేదీ, వేళ, ఎండ, టైర్లలో గాలి, ఇంజను చుట్లు, వచ్చిన కాలం. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. మార్చిన తరువాత కనీసం మూడు పరుగుల సగటు చూడాలి. ఒక్క మంచి పరుగును చూసి గంతులు వేయరాదు. ఏడవ తరగతితో చదువు ఆపిన ఆ పెద్దమనిషి చెప్పినది, మా భౌతికశాస్త్ర ప్రయోగశాలలో అధ్యాపకులు చెప్పినదే. అక్కడ పరీక్ష మార్కులకోసం విన్నాను. ఇక్కడ మనసు పెట్టి విన్నాను.

పావు మైలులో అన్నిటికంటె విలువైనవి మొదటి 60 అడుగులు, అనగా 18 మీటర్లు. అక్కడ ఆదా చేసిన పదవ వంతు సెకను చివరికి చేరేసరికి ఒకటిన్నర రెట్ల లాభమై తేలుతుంది. ఎందుకనగా తొందరగా అందుకున్న వేగం మిగిలిన దారి పొడుగునా వెంట వస్తుంది. బయలుదేరేటప్పుడే ఇంజనును 5,000 చుట్లకు అరిపించి క్లచ్చును ఒక్కసారిగా వదలితే కారు లంఘిస్తుందని నేను భ్రమించేవాడిని. మా కారును లాగేవి ముందు చక్రాలు. కారు ముందుకు ఉరికినప్పుడు బరువు వెనుకకు జారుతుంది. ముందు చక్రాలు తేలికపడి, పట్టు తప్పి, ఉన్నచోటనే గిర్రున తిరుగుతాయి. పొగ, చప్పుడు, చూసేవారి కేరింతలు, ఇవన్నీ ఉంటాయి; ముందడుగు మాత్రం ఉండదు. బావిలో చేద వేయకుండా గిలక తిప్పినట్లు.

సనత్‌నగర్ వైపు మూతపడిన ఒక కర్మాగారపు ఆవరణను, యజమాని అనుమతితో ఆదివారాలు వాడుకున్నాము. గేటు మూసి, 18 మీటర్ల దూరానికి సున్నపు గీత గీసి, ఆ గీత వరకు మాత్రమే సాధన. తరువాత ఆగడానికి కావలసినంత ఖాళీ నేల. ఇంజనును 2,500 చుట్ల దగ్గర నిలిపి, క్లచ్చును సగం వరకు వదలి, చక్రం నేలను కరిచిన సంగతి ఆసనం కింద తెలిసిన తరువాతనే మిగిలిన సగం వదలాలి. ముందు టైర్లలో గాలి 30 పౌండ్ల నుంచి 26కు తగ్గిస్తే పట్టు కొంత పెరిగింది. ఇంటిదారి పట్టేముందు మరల నింపేవాళ్లం. వందకు పైగా ప్రయత్నాలు చేశాను. ఎన్నో ఆదివారాలు అంకె కదలలేదు. "బియ్యం ఉడకకముందే మూత తీస్తున్నవ్," అనేవారు ఉస్తాద్. నా పాదం లోపలి ఆత్రం అణగిన కొద్దీ గీత దగ్గరి కాలం తగ్గసాగింది.

గేర్ల సంగతి రెండవది. ఆ దూరంలో మా కారుకు రెండే మార్పులు: ఒకటి నుంచి రెండుకు, రెండు నుంచి మూడుకు. మూడవ గేరులోనే చివరి గీత దాటుతుంది. గేరు మారే వ్యవధిలో ఇంజను బలం చక్రానికి అందదు. ఆ వ్యవధి వృథా. కడ్డీని పిడికిలితో గుంజితే అది అడ్డం తిరుగుతుంది. అరచేతితో తిన్నగా తోస్తే దానంతటదే జారుతుంది. మూడవది బరువు. స్టెప్నీ, జాకీ, పానాలు, డిక్కీలో ఏళ్ల తరబడి పోగుపడిన సామగ్రి, అన్నీ కలిపి సుమారు 40 కిలోలు దించాము. అంత బరువుకు దక్కే లాభం దాదాపు పదవ వంతు సెకను. నాలుగవది గాలి. హైదరాబాదు సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉన్నది. అందుచేత ఇక్కడి గాలి సముద్రతీరపు గాలికంటె సుమారు ఆరు శాతం పలుచన. ఇంజనుకు గాలియే ఆహారం. ఎండ ముదిరితే గాలి ఇంకా పలుచబడుతుంది. కనుక తెల్లవారి చల్లదనంలో, ఇంజనును చల్లబరచి చేసిన పరుగే మేలైనది.

రోడ్డుమీది పందేన్ని ట్రాకు మీదికి మళ్లించాలన్న ఆలోచన మా ఉస్తాద్ ఒక్కరిదే కాదని తరువాత చదివి తెలుసుకున్నాను. వాలీ పార్క్స్ అనే పత్రికా సంపాదకుడు 1951లో అమెరికాలో నేషనల్ హాట్ రాడ్ అసోసియేషనును స్థాపించినది సరిగా ఈ ఉద్దేశంతోనే. వీధులలో ప్రాణాలు పోగొట్టుకుంటున్న యువకులకు నియమాలతో కూడిన మైదానం చూపడమే ఆయన ధ్యేయం. ఆ సంస్థ మొదటి పోటీ 1953లో కాలిఫోర్నియాలోని పొమోనాలో, జాతర మైదానపు పార్కింగు స్థలంలో జరిగింది. మన దక్షిణదేశపు చరిత్రా ఇటువంటిదే. రెండవ ప్రపంచయుద్ధ కాలపు షోలవరం విమానపు బాటయే మద్రాసు వారి తొలి రేసు మైదానమైనది. తరువాతి కాలంలో శ్రీపెరుంబుదూరు సమీపాన ఇరుంగట్టుకోట్టైలో శాశ్వతమైన ట్రాకు వెలసింది.

ఆ ఇరుంగట్టుకోట్టైకే మేము వెళ్లాము. సుమారు 630 కిలోమీటర్ల ప్రయాణం. ఉస్తాద్, నేను, మా నాన్నగారు. నాన్నగారు ఆ రాత్రి సంగతి తెలిసిన నాటినుంచి నాతో కారును గురించి మాట్లాడలేదు. బయలుదేరే ఉదయం మాత్రం ఏమీ అనకుండా వచ్చి వెనుక సీటులో కూర్చున్నారు.

శిరస్త్రాణం, సీటు బెల్టు, బ్రేకుల తనిఖీ పూర్తయిన తరువాత గీత దగ్గరికి పిలిచారు. ఇరువైపులా గోడలు, చివర ఆగడానికి పొడవైన బాట, అంబులెన్సు, అగ్నిమాపక సిబ్బంది. ఎదుట దీపాల స్తంభం. మొదటి పరుగులో నా పాత ఆత్రమంతా తిరిగి వచ్చింది. చక్రాలు గిర్రున తిరిగాయి. 17.90.

కాగితం తీసుకొని ఉస్తాద్ దగ్గరకు వచ్చాను. అప్పుడు ఆయన చెప్పిన మాట నేను ఎన్నటికీ మరువలేను. "పచ్చబత్తి వెలిగినప్పుడు గడి నడవదు, బేటా. నీ చక్రం కదిలినప్పుడు నడుస్తది. నువ్వు ఎంతసేపు నిలబడ్డా నీ టైములో పడదు. మరి జల్దీ ఎందుకు?" ఆ మాట అక్షరాలా నిజం. ఇద్దరు పోటీపడినప్పుడు ముందు చేరినవాడే విజేత, అది వేరు. కాని కారు కాలాన్ని కొలిచే గడియారం, చక్రం కాంతికిరణాన్ని వదలిన క్షణాననే ప్రారంభమవుతుంది. వేచి ఉన్న కాలాన్ని అది లెక్కలో వేయదు. నేను అన్నాళ్లూ లెక్కలో లేని కాలానికి భయపడి, లెక్కలో ఉన్న కాలాన్ని పాడుచేసుకుంటున్నాను.

మరునాడు తెల్లవారి పరుగులో దీపం పచ్చబడిన తరువాత ఒక శ్వాస తీసుకున్నాను. చక్రం నేలను కరిచింది. మొదటి 60 అడుగులు 2.75 సెకన్ల నుంచి 2.41కి దిగాయి. అరచేతితో రెండు గేర్లు జారాయి. గీత దాటాను. కాగితంపై 17.04.

నా లక్ష్యం పదహారు అంకెను చూడటం. అయిదు వందవ వంతుల సెకనులో అది తప్పిపోయింది. గంటకు 130 కిలోమీటర్ల వేగాన అంత కాలమంటే రెండు మీటర్ల లోపు దూరం, అనగా కారు పొడవులో సగమైనా లేదు. ఆ తరువాత ఎండ ముదిరింది. మరి మూడు పరుగులు చేసినా అంకె దిగలేదు. నాకు కళ్లు చెమర్చిన మాట నిజం. నోటుపుస్తకం విప్పి లెక్క చూశాము. తగ్గిన 0.86 సెకనులో అరసెకను బయలుదేరే తీరు మారినందువల్ల, 0.2 గేర్ల వల్ల, 0.1 బరువు వల్ల, మిగిలిన కొద్దిపాటిది చల్లగాలి వల్ల వచ్చినదని మా అంచనా. సైలెన్సరుకు దక్కినది సున్న. డబ్బుతో కొన్నదానికంటె మానుకొన్న దురలవాటే ఎక్కువ ఫలమిచ్చింది.

అప్పుడు నాన్నగారు కాగితాన్ని నా చేతిలోనుంచి తీసుకొని, కళ్లజోడు సవరించుకొని చూసి, "మంచి అంకె," అన్నారు. మడిచి తమ జేబులో పెట్టుకున్నారు. తిరుగు ప్రయాణంలో ఆయనే కారు నడిపారు. గంటకు 80 దాటలేదు.

2023 ఫిబ్రవరి 11న మన హుస్సేన్ సాగర్ తీరాన ఫార్ములా ఈ విద్యుత్ కార్ల పోటీ జరిగిన సంగతి పాఠకులకు విదితమే. 2.8 కిలోమీటర్ల పైబడిన వీధి బాటను గోడలతో మూసి, ప్రపంచస్థాయి పోటీని మన నగరం నిర్వహించింది. మరుసటి సంవత్సరం ఆ పోటీ రద్దయినప్పటికీ, అనుమతి, ఏర్పాట్లు ఉంటే రోడ్డునే సురక్షితమైన క్రీడాస్థలంగా మార్చవచ్చునని ఆనాడు రుజువైనది. కళాశాల కమిటీ పెద్దలకు నాదొక సవినయ మనవి. సెలవుదినాన, గేట్లు మూసిన ఏదైనా విశాలమైన ఆవరణలో, పోలీసువారి అనుమతితో, భౌతికశాస్త్ర శాఖ పర్యవేక్షణలో, 18 మీటర్ల త్వరణ ప్రయోగాన్ని విద్యార్థులచేత చేయించవచ్చు. వేగం మీది మోహాన్ని ఉపన్యాసాలతో అణచడం కష్టం. కొలత చేతికిస్తే అదే వినయంగా మారుతుందని నా అనుభవం.

సోదర విద్యార్థులారా, మనలో అనేకులకు మోటారు సైకిళ్లున్నవి. అర్ధరాత్రి ఖాళీగా కనిపించే రోడ్లూ ఉన్నవి. అవి ఖాళీగా ఉండవు. చీపురు పట్టిన ఒక తల్లి అక్కడ ఎక్కడో ఉంటుంది. పరుగు తీయదలచినవారు మొదట మూసిన గేటు వెదకండి. ఒక నోటుపుస్తకం కొనండి. నా పుస్తకంలో 17.04 కింద ఒక వరుస ఖాళీగా ఉంచాను. వచ్చే శీతకాలంలో, చల్లని ఉదయాన, ఇరుంగట్టుకోట్టైలోనే దానిని పూరిస్తాను. అంతవరకు ఆగగలను. ఆగడమే కదా నేను ఇంతకాలం నేర్చుకున్నది.